పైథాన్‌లో ఒక గడి మారిస్తే నిలువు వరుస మొత్తం ఎందుకు మారుతోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ముగ్గురు విద్యార్థులకు నాలుగు సబ్జెక్టులలో వచ్చిన మార్కులను భద్రపరచడానికి పైథాన్‌లో ఈ విధంగా పట్టిక తయారుచేశాను:

మార్కులు = [[0] * 4] * 3

ముద్రిస్తే పన్నెండు సున్నాలూ సరిగానే కనిపిస్తున్నాయి. అయితే మొదటి విద్యార్థి రెండవ సబ్జెక్టు మార్కులను మార్కులు[0][1] = 75 అని నమోదు చేయగానే ముగ్గురికీ అవే మార్కులు పడుతున్నాయి:

[[0, 75, 0, 0], [0, 75, 0, 0], [0, 75, 0, 0]]

ఎర్రర్ ఏదీ రావడం లేదు. ఇండెక్స్ రాయడంలో పొరపాటు ఉందా? కొన్ని పాఠాలలో చూసినట్లు మార్కులు[0, 1] అని రాస్తే మాత్రం టైప్ ఎర్రర్ వస్తోంది.

సమాధానం 1

మీ ఇండెక్స్ సరైనదేనండి. చిక్కంతా పట్టికను తయారుచేసిన వాక్యంలోనే ఉంది. పైథాన్ మూల భాషలో ద్విపరిమాణ అర్రే అంటూ ప్రత్యేకంగా లేదు కనుక, లిస్టులో లిస్టులను ఉంచి ఆ పని జరిపించుకుంటాము. బయటి లిస్టును 3తో గుణించినప్పుడు లోపలి లిస్టుకు కొత్త ప్రతులు తయారుకావు. మెమరీలో ఉన్న ఆ ఒక్క లిస్టునే మూడు వరుసలూ సూచిస్తూ ఉంటాయి. మార్కులు[0], మార్కులు[1] రెండింటినీ, రెండూ ఒకే వస్తువా అని చూసే ఈజ్ (is) ఆపరేటర్‌తో పోల్చి చూడండి, ట్రూ అని వస్తుంది.

మరి [0] * 4 దగ్గర ఈ ఇబ్బంది ఎందుకు రాదంటే, అక్కడ కూడా నాలుగు గడులూ ఒకే సున్నాను సూచిస్తున్నా, పూర్ణసంఖ్య స్వయంగా మారేది కాదు; 75 ఇచ్చినప్పుడు ఆ ఒక్క గడి వేరే సంఖ్యను సూచించడం మొదలుపెడుతుంది, అంతే. కాబట్టి ఇలా రాయండి:

మార్కులు = [[0] * 4, [0] * 4, [0] * 4]

వరుసలు ఎక్కువగా ఉంటే లిస్ట్ కాంప్రహెన్షన్ (లిస్టు బ్రాకెట్ల లోపలే లూప్ రాసే పద్ధతి) వాడండి; అందులో లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త లిస్టు పుడుతుంది. వేరియబుల్‌కు తెలుగు పేరు పెట్టినందుకు సంతోషం, పైథాన్ 3 దానిని నిరభ్యంతరంగా స్వీకరిస్తుంది.

సమాధానం 2

కామా విషయం: 0, 1 అని రాస్తే పైథాన్ దానిని రెండు విలువల జతగా, అంటే ఒకే టపుల్‌గా తీసుకుంటుంది. లిస్టు దానిని ఇండెక్స్‌గా అంగీకరించదు, నంపై (సంఖ్యల పట్టికల కోసం వాడే పైథాన్ లైబ్రరీ) అర్రే అంగీకరిస్తుంది. మీరు చూసిన పాఠాలు బహుశా నంపై గురించినవి. అక్కడ మార్కులు[:, 1] అంటే రెండవ సబ్జెక్టు నిలువు వరుస మొత్తం వస్తుంది. లిస్టులో అదే ఉద్దేశంతో మార్కులు[:][1] అని రాస్తే వచ్చేది రెండవ విద్యార్థి అడ్డు వరుస. ఎర్రర్ రాదు కనుక ఇది మరింత ప్రమాదకరం.

పట్టికకు నకలు తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. మార్కులు[:] బయటి లిస్టును మాత్రమే నకలు చేస్తుంది, లోపలి వరుసలు ఉమ్మడిగానే ఉంటాయి. పూర్తి నకలు కావాలంటే కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ వాడండి.