‘ఇక్కి’ని తిరుగుబాటు అంటే సరిపోతుందా?

పాత సమురాయ్ సినిమాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. రైతులు దొరలకు ఎదురుతిరిగే కథ వస్తే ‘హ్యకుషో ఇక్కి’ అనే జపనీస్ మాట తప్పదు. మొదట ‘రైతు తిరుగుబాటు’ అని రాసేశాను. విడదీసి చూశాక మనసు ఒప్పుకోలేదు.

‘రైతు’ వరకు ఇబ్బంది లేదు. హ్యకుషో అంటే అక్షరాలా నూరు ఇంటిపేర్లు, అంటే జనమంతా. పోనుపోను నేల దున్నేవాళ్లకే ఆ పేరు మిగిలింది. మన ‘రైతు’ కూడా అరబ్బీ ‘రఇయ్యత్’ నుంచి వచ్చిందే. దానికీ ఏలిక కింది జనం అనే అర్థం. రెండు చోట్లా జనం అన్న మాటే రైతుకు పేరైంది!

చిక్కంతా ‘ఇక్కి’తోనే. అందులో ‘ఒకటి’ ఉంది; ఒకే తీరు, ఒకే దారి అని అర్థం. కత్తి లేదు, కోపం లేదు. మొదట్లో అది ఒట్టు పెట్టుకుని కట్టిన కూటమికి పేరు. ఒట్టు కాగితం మీద రాసి, కాల్చి, ఆ బూడిద నీళ్లలో కలిపి అందరూ తాగేవారు. జపాన్‌ను తొకుగావా షోగన్‌లు (సైనిక పాలకులు) ఏలిన కాలంలో రైతులు అర్జీ మీద సంతకాలు వరసగా కాకుండా గొడుగు ఊచల్లా గుండ్రంగా పెట్టేవారు. ముందు ఎవరు పెట్టారో, పెద్ద ఎవరో దొరకకూడదని. కోరిక నెగ్గినా నాయకుల తల పోయిన సందర్భాలున్నాయి మరి. ఇంత ఉన్న మాట ‘తిరుగుబాటు’లో ఎక్కడ ఇముడుతుంది?

— ‘ఉద్యమం’ అనొచ్చు కదండీ?

అనొచ్చండీ, కానీ ఆ ఒట్టు పోతుంది. 1964 నాటి ‘సాన్‌బికి నో సమురాయ్’ చూడండి. పన్నుల బాధ తాళలేక కొందరు రైతులు అధికారి కూతుర్ని ఎత్తుకొచ్చి మిల్లులో దాస్తారు. షిబా అనే రోనిన్, అంటే ప్రభువు లేని సమురాయ్, వాళ్ల పక్షాన నిలబడతాడు. ఎందరో చచ్చాక, అర్జీ ప్రభువు చేతికి ఇచ్చే ఘడియ వస్తుంది. ఒక్క రైతూ ముందడుగు వేయడు. షిబా కత్తికి ఎదురులేదు, కానీ అక్కడ ఇక్కి లేదు. ఆ సన్నివేశం చూసినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

— మరి ‘సెవెన్ సమురాయ్’?

అందులో శత్రువులు దొరలు కారు, బందిపోట్లు. అయినా ఊరిని కాపాడటానికి వచ్చిన ఏడుగురిలో ఒకడు, రైతు బిడ్డే అయిన కికుచియో, రైతుల్ని పిసినారులు, అబద్ధాలకోర్లు అని తిట్టి తిట్టి, వాళ్లనలా చేసింది మీరే కదా అని సమురాయ్‌ల మీదికి తిరుగుతాడు. ఈ చర్చకు అది చాలా దగ్గర.

— తెలంగాణ పల్లెల్లో ఆంధ్ర మహాసభను ‘సంఘం’ అనేవారు. దొరల మీద లేచిన రైతులకు ఆ ఒక్క మాట చాలు. అది వాడండి.

మంచి మాట గుర్తు చేశారు. కూటమీ, కదలికా రెండూ అందులో ఉన్నాయి. కాకపోతే ‘సంఘం’ అనగానే మనకు నల్లగొండ, వరంగల్ కళ్లముందుకొస్తాయి. జపాన్ పల్లె వెనక్కి పోతుంది. ‘ఊరంతా ఒక్కకట్టు మీద ఉంది’ అంటాం చూడండి, ఆ ‘ఒక్కకట్టు’ ఎలా ఉంటుందంటారు? అందులోనూ ‘ఒకటి’ ఉంది. ‘రైతుల ఒక్కకట్టు’ అని రాసి, మొదటిసారి మాత్రం పక్కనే ‘ఇక్కి’ అని పెడదామనుకుంటున్నాను.