‘ఆన్ ది వన్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. ఫంక్ (లయకే పెద్దపీట వేసే అమెరికన్ నల్లజాతి సంగీతం) శాక్సోఫోన్ వాద్యకారుడు మేసియో పార్కర్ మీద మా పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో అందరూ పట్టుకుని వేలాడిన మాట ‘ఆన్ ది వన్’, అంటే నాలుగు లెక్కల్లో మొదటిదాని మీద ఊపు పడాలని. ‘ఒకటి మీద’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అందదు. ‘సమం’ అనొచ్చా?

జవాబు:
నిస్సందేహంగా సమమేనండీ. తాళం ఎత్తుకున్న చోటే పాటా ఎత్తుకుంటే సమగ్రహం. ముందో తర్వాతో ఎత్తుకుంటే అతీత, అనాగత గ్రహాలు. చేతిలో ఇంత చక్కని మాట ఉండగా కొత్తది పుట్టించడం ఎందుకు?

జవాబు:
పై మిత్రులు మన్నించాలి, నాకు సమం చాలదనిపిస్తోంది. అది చోటు చెబుతుంది గానీ బరువు చెప్పదు. అప్పటిదాకా, ఫంక్‌కు ముందున్న రిథమ్ అండ్ బ్లూస్ సంగీతంలో నాలుగు లెక్కలకు రెండు, నాలుగు మీద స్నేర్ డ్రమ్ గట్టిగా పడేది. బ్రౌన్ ఆ ఊపును మొదటి లెక్క మీదికి లాగాడు. మధ్యలో ఎవరెటు తిరిగినా సరే, ఒకటి దగ్గర గిటారు, బేస్, డ్రమ్ము, బాకాలు అన్నీ కలిసి పడాలి. అందుకే నేనైతే ‘తొలి దెబ్బ’ అంటాను. డప్పు కొట్టేవాళ్ల నోట రోజూ ఉండే మాట, చదవగానే చెవికి వినిపిస్తుంది.

ప్రశ్న వేసినవారు:
బాగుందండీ. కానీ ఊదే వాద్యానికి దెబ్బ ఎలా అతుకుతుంది?

జవాబు:
మేసియో సంగతంతా అందులోనే ఉంది! 1964లో బ్రౌన్‌కు కావలసింది అసలు అతని తమ్ముడు మెల్విన్, డ్రమ్మర్. నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్ కుర్రాళ్లు. తమ్ముడితోపాటు అన్ననూ తీసుకున్నాడు. మేసియోకు మొదట దొరికింది బారిటోన్ (మంద్రంగా పలికే) శాక్సోఫోన్ చోటు. మరుసటి ఏడు వచ్చిన ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’లో తమ్ముడి డ్రమ్ము, అన్న శాక్సోఫోన్ రెండూ వినండి. 1967 నాటి ‘కోల్డ్ స్వెట్’ ఇంకా మంచి సాక్ష్యం. అందులో చాలాసేపు శ్రుతుల కూర్పు (కార్డ్) కదలదు. అది మారకపోతే సోలో వాయించేవాడికి మిగిలేది లయే. మేసియో స్వరాన్ని సాగదీయడు. నాలుకతో టక్కున తుంచి, ఖాళీ వదిలి, మళ్లీ కొడతాడు. ఆ ఖాళీలో డ్రమ్ము మాట్లాడుతుంది. ఊదుతున్నాడనడం కంటే కొడుతున్నాడనడమే నిజం.

అతను జాజ్ తెలియక అలా వాయించలేదు. 1990లో ‘రూట్స్ రీవిజిటెడ్’ ఆల్బమ్‌తో జాజ్ శ్రోతలనూ గెలుచుకున్నాడు. జర్మనీలోని కొలోన్‌లో రికార్డు చేసిన 1992 నాటి ‘లైఫ్ ఆన్ ప్లానెట్ గ్రూవ్’లో మాత్రం, మా దగ్గర జాజ్ రెండు శాతం, ఫంక్ తొంభై ఎనిమిది శాతం అన్నాడు. ఆ రెండు శాతాన్ని తక్కువ చేసి రాయకండి. తుంచిన ప్రతి స్వరం శ్రుతిలో నిలబడటం ఆ చదువు చలవే.

మొదట జవాబిచ్చినవారు:
‘కోల్డ్ స్వెట్’ ఇప్పుడే విన్నాను. ఒప్పుకుంటున్నాను, దెబ్బే. అయితే ఒక్కసారి ‘సమం మీద పడే తొలి దెబ్బ’ అని రాయండి. సంగీతం తెలిసినవారికీ దారి దొరుకుతుంది.

ప్రశ్న వేసినవారు:
అలాగే చేస్తాను. 1970లో బృందం బ్రౌన్‌ను వదిలి బయటికి రావడం, మేసియో 1973లో తిరిగి చేరడం, 1975లో మరో ఫంక్ బృంద నాయకుడు జార్జ్ క్లింటన్ దగ్గరికి వెళ్లడం చెప్పేటప్పుడు కూడా ఇదే మాట వాడనా?

జవాబు:
బ్రౌన్ దగ్గర ఉన్నంతవరకూ వాడండి. క్లింటన్ దగ్గరికొచ్చేసరికి ‘ది వన్’ తాళం దాటిపోయింది. అందరూ ఒక్కటే అన్న భావమూ అందులో చేరింది, 1976లో పాట పేరులోకీ ఎక్కింది. అక్కడ దెబ్బ అంటే సగమే చెప్పినట్టు. ‘ది వన్’ అనే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించండి.