బలహీన బంధాల మీద ఐదేళ్ల పీహెచ్‌డీ అవసరమా?

పర్లాకిమిడి మేనమామ:
మా మేనల్లుడు బరంపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. రాగి లవణాలతో స్ఫటికాలు పెంచి, అందులో అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో కొలుస్తాడట. సుప్రామాలిక్యులర్, నాన్‌కోవలెంట్ అంటాడు, అంటే ఎలక్ట్రాన్లు పంచుకోకుండానే అణువులు పట్టుకోవడమట. అవి బలహీనమైన బంధాలేనని వాడే ఒప్పుకుంటాడు. మరి ఐదేళ్లు దేనికి?

రాయగడ మాస్టారు:
ముందు ఆ పేరే తప్పు. అలాంటి స్ఫటికాల్లో రాగికీ దానికి అతుక్కునే నైట్రోజన్‌కీ మధ్య ఉండేది సమన్వయ సమయోజనీయ బంధం, అంటే కోవలెంటే. నాన్‌కోవలెంట్ ఎలా అవుతుంది?

బరంపురం ల్యాబ్:
దాన్నెవరూ అలా అనలేదు మాస్టారూ. మైలుతుత్తమే (కాపర్ సల్ఫేట్) తీసుకోండి. ఒక్కో రాగి అయానుకి ఐదు నీటి అణువుల లెక్క. నాలుగు రాగికి నేరుగా అతుక్కుంటాయి. ఐదోది రాగిని తాకదు, హైడ్రోజన్ బంధాల మీదే నిలబడుతుంది. మేం చూసేది ఆ ఐదోదాని సంగతి. నీటిలో ఒక్కో హైడ్రోజన్ బంధం మోలుకు సుమారు 20 కిలోజౌళ్లు, అదే నీటి అణువు లోపలి బంధం 460 దాకా. చిన్నదే, కానీ వందలు కలిస్తే? పెడర్సన్, క్రామ్, లేన్ అనే శాస్త్రవేత్తలకి 1987లో రసాయన నోబెల్ ఇచ్చింది ఇలాంటి పట్టు మీద పనికే. 1983లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త సోవాజ్ రాగి అయాను సాయంతో రెండు అణు వలయాలను గొలుసు లంకెల్లా దూర్చాడు. రాగిని తీసేసినా లంకె ఊడలేదు.

గుణుపురం గీత:
కొబ్బరి మొవ్వుకుళ్లుకి బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తంలో ఇంత కథ ఉందా!

రాయగడ మాస్టారు:
నోబెళ్లు చూపించి నోరు మూయించొద్దు. రెండు పరమాణువులు వాండర్‌వాల్స్ వ్యాసార్థాల మొత్తం (బంధం లేకుండా ఆనుకుని ఉండే దూరం) కంటే కాస్త దగ్గరికొస్తే చాలు, చుక్కల గీత గీసి బంధం అనేస్తారు. విశాఖ పాసింజర్ జనరల్ పెట్టెలో భుజాలు రాసుకు కూర్చున్నవాళ్లంతా చుట్టాలా?

బరంపురం ల్యాబ్:
శక్తి లెక్క కట్టకుండా ఇప్పుడెవరు ఒప్పుకుంటారండీ? అసలు మీరెప్పుడైనా ల్యాబ్ గడప తొక్కారా?

రాయగడ మాస్టారు:
నాలుగేళ్లు తొక్కాను. సీసా మూతికి రేకు చుట్టి, సూదితో మూడు చిల్లులు పొడిచి, ద్రావణి మెల్లగా ఆవిరవ్వాలని కిటికీ పక్కన పెట్టేవాణ్ణి. వానాకాలం రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి అడుగున నీలం బురదే. చివరికి ఒక్క మంచి స్ఫటికం వచ్చింది. అందులో దూరం తక్కువే గానీ ఆకర్షణ లేదని లెక్క తేలింది. అదే రాశాను. 'లేదు' అని చెప్పే పేపరు ఎవరు వేస్తారు, ఆ అధ్యాయం తీసెయ్యమన్నారు మా గైడు. నేను తియ్యనన్నాను. ఇప్పుడు తొమ్మిదో తరగతికి బంధాల పాఠం చెబుతున్నాను. చాలా?

గుణుపురం గీత:
అయ్యో మాస్టారూ.

బరంపురం ల్యాబ్:
గడప మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. నాది మూడో ఏడు. నా దగ్గరా అలాంటి స్ఫటికం ఒకటుంది. గైడుకి ఇంకా చూపించలేదు.

రాయగడ మాస్టారు:
లెక్క రెండోసారి కట్టి చూపించు. తియ్యమంటే ఏం చేస్తావో అప్పుడు మాట్లాడుకుందాం.

పర్లాకిమిడి మేనమామ:
ఇదిగో బాబూ, నువ్వు మా చిన్నోడివి కాదు గదా? దసరాకి వస్తానని రాలేదేం?