పోరాటాలతోని పాలసీ మారుతదా, సర్కారు తల్చుకుంటేనే మారుతదా?

దేవరకొండ పిలగాడు:
మా దోస్తులల్ల రోజూ ఇదే లొల్లి. మా నల్లగొండ నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ మీద జలసాధన సమితి లాంటోళ్లు ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు, ఆఖరికి ఇంటికి నల్లా నీళ్లొచ్చింది సర్కారు పెట్టిన మిషన్ భగీరథతోని, మరి కొట్లాడినోళ్లతోని ఏమైనట్టు అంటున్నరు. మీరేమంటరు?

పాలమూరు సారు:
మీ దోస్తులు చెప్పింది నిజమే. కృష్ణా నీళ్లు శుద్ధి చేసి ఊరూరికి పైపులెయ్యాలంటే బడ్జెట్ కావాలె, ఇంజినీర్లు కావాలె. ధర్నాలతోని ట్యాంకులు కట్టలేరు కదా.

మునుగోడు మనిషి:
సారు, పైసలు సర్కారువే, కాదంటలేను. కానీ అడగకుంటే పెడ్తుండెనా? 1996 పార్లమెంటు ఎలక్షన్ల నల్లగొండల 480 మంది నిలబడ్డరు, మా నీళ్ల గోస ఢిల్లీకి తెల్వాలని. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యి పోలింగే వాయిదా పడ్డది. అప్పుడు డిపాజిట్ 500 ఉండె, అదే ఏడు 10,000 చేసిన్రు. జనం నామినేషన్లెయ్యకుంట ఆపనీకి నెలలే పట్టింది, చౌటుప్పల్‌ల భగీరథ పైలాన్ లేవనీకి మాత్రం 2015 దాకా ఆగాల్సొచ్చింది. నడుమ పుట్టిన పోరగాళ్ల సంగతేంది? మర్రిగూడ దిక్కు పోతే కనవడ్తరు, పండ్ల మీద గోధుమరంగు చారలు, దొడ్డి కాళ్లు, బొక్కలు ఒకసారి వంకరైనంక ఎంత మంచినీళ్లు తాగినా సక్కగ కావు. నా కోపమంతా ఆ ఆలస్యం మీదనే.

పాలమూరు సారు:
అంటే పోరాటం పనిచేసింది గానీ లేటుగ చేసింది, అంతేనా?

మునుగోడు మనిషి:
విషం నీళ్లల్ల కలిసినంక కొట్లాడితే గంతే సారు. పర్మిషన్ కాడనే పట్టుకుంటె వేరే ఉంటది. 2019ల అమ్రాబాద్ అడవిల యురేనియం సర్వేకు కేంద్రం అటవీ సలహా కమిటీ సరే అన్నది, చెంచులు, చుట్టుపక్కల ఊర్లోళ్లు అడ్డం తిరిగిన్రు, బంద్‌లు చేసిన్రు, సేవ్ నల్లమల అని రాష్ట్రమంతా అందుకున్నది. సెప్టెంబర్ల అసెంబ్లీనే ఏకగ్రీవంగ వద్దని తీర్మానం చేసింది. దానికి బడ్జెట్ కావాల్సొచ్చిందా?

దేవరకొండ పిలగాడు:
అన్నా, మా పక్క ఊర్ల కెమికల్ కంపెనీ వస్తదంటున్నరు. ఏం అడగాలె?

మునుగోడు మనిషి:
ప్రజాభిప్రాయ సేకరణ ఉందా అని ముందు తెల్సుకో తమ్మీ. ఉంటే 30 రోజుల ముందు నోటీసియ్యాలె, కేంద్రం 2006ల ఇచ్చిన పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌ల ఉన్నది. కంపెనీ రిపోర్ట్ సారాంశం తెలుగుల ఉండాలె, కలెక్టరేట్‌ల, జిల్లా పరిషత్‌ల పెట్టాలె. నీళ్లు ఏడికెల్లి తీస్తరు, మురికి నీళ్లు ఏడ ఇడుస్తరు, ఆ రెండు పేజీలు ఊర్ల అందరి ముంగట సదువున్రి.