ఇల్లు చక్కబెట్టుకోకుండా బయటి దేశాలకు విపత్తు సాయం: సబబేనా?

సందేహి:
ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా ఒకటి రెండు రోజుల్లో అరడజను దేశాల విమానాలు అక్కడ దిగుతాయి. పంపిన దేశాల్లో చూస్తే ఆస్పత్రుల్లో పడకలు చాలవు, సొంత వరద బాధితులకు పరిహారం నెలల తరబడి అందదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! ‘తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అని పెద్దలు ఊరికే అనలేదు. మానవత్వం, దేశ ప్రతిష్ఠ లాంటి వాదనలు చాలా విన్నాను, అవి వద్దు. బయటికి పోయే డబ్బు, మనుషులు, సామాను నిజంగా ఇంటి అవసరాల్లోంచి తీసినవేనా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

ఖాతాపుస్తకం:
డబ్బు సంగతి వరకు నేను చెబుతాను. పత్రికల్లో ‘విదేశీ సాయం’ అని కనిపించే పెద్ద అంకెలో విపత్తు సాయం చిన్న ముక్క. 2023లో ధనిక దేశాల అధికారిక సాయం మొత్తం 22,000 కోట్ల డాలర్లు దాటింది. అందులో విపత్తు, యుద్ధ బాధితులకు వెళ్లే మానవతా సాయం పదో వంతుకు కాస్త పైన. అదే ఏడాది ఆ దేశాలు తమ గడ్డ మీదికి వచ్చిన శరణార్థులకు తిండి, వసతి కింద పెట్టిన ఖర్చు అంతకంటే ఎక్కువ. దాన్నీ ‘విదేశీ సాయం’ పద్దులోనే రాసుకోవచ్చు, మొదటి పన్నెండు నెలల ఖర్చుకు నియమాలు ఒప్పుకుంటాయి. బయటికి పోయిందని జనం తిట్టుకునే డబ్బులో చెప్పుకోదగ్గ భాగం అసలు సరిహద్దే దాటలేదన్నమాట.

జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించింది. 2023లో ఆ గీత దాటినవి ఐదే దేశాలు. బ్రిటన్ 2015లో దానికి చట్టం కూడా చేసి, 2021లో కోవిడ్ అప్పులు చూపించి 0.5కి దించేసింది. దించడం వల్ల అక్కడి ఆస్పత్రుల్లో నిరీక్షణ తగ్గిందా అంటే, లేదు.

ఎందుకు తగ్గలేదంటే ఆ రెండు ఖర్చుల స్వభావం వేరు. ఆస్పత్రికి భవనం ఒక్కసారి కడతాం, నర్సు జీతం ఏటా ఇవ్వాలి. విపత్తు సాయం ఒక్కసారి కదిలి ఆగిపోయే డబ్బు, సాధారణంగా ఏడాది మొదట్లోనే పక్కన పెట్టిన ఆకస్మిక నిధిలోంచి వస్తుంది. దాంతో ఐదేళ్ల జీతాలు ఇవ్వలేం. పైగా ఇంటి పనులు ఆగేది చాలాసార్లు భూసేకరణ దగ్గర, టెండర్ల దగ్గర, భర్తీ కాని పోస్టుల దగ్గర. ఏడాది చివర ఖర్చుకాక వెనక్కి పోయే నిధుల జాబితా ఒకసారి చూడండి, అడ్డం డబ్బా, పనితనమా తెలుస్తుంది.

కాంక్రీటుకోత:
మనుషుల లెక్క నాది. శిథిలాల్లోంచి మనుషుల్ని తీసే దళాలకు అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టేది ‘ఇన్సరాగ్’, 1991లో ఏర్పడింది. ‘హెవీ’ దళమంటే రెండు వేర్వేరు చోట్ల రాత్రింబగళ్లు 10 రోజులు పనిచేయగలగాలి. ‘మీడియం’ అయితే ఒక చోట 7 రోజులు. తిండి, నీళ్లు, గుడారాలు అన్నీ వెంట తెచ్చుకోవాలి, బాధిత దేశం మీద పడకూడదు. ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్ష.

ఇందులో ఖర్చు ఎక్కడుందో చూడండి. జీతాలు, కుక్కల పోషణ, కాంక్రీటు కోసే యంత్రాలు, శబ్దం పసిగట్టే పరికరాలు... విపత్తు వచ్చినా రాకపోయినా ఇంట్లో పెట్టి తీరాల్సిన ఖర్చులివి. బయటికి వెళ్తే అదనంగా పడేది విమానం, భత్యాలు, అరిగిన బ్లేళ్లు. లాభం ఏమిటంటే నిజమైన శిథిలాల మీద పని. శిక్షణ మైదానంలో పేర్చిన స్లాబులు మళ్లీ కదలవు. అసలైన చోట అనుప్రకంపనలకు కదులుతాయి, ఎక్కడ దిమ్మెలు పెట్టి ఆపాలో అక్కడే తెలుస్తుంది.

అయితే దీన్ని మరీ గొప్ప చేయకూడదు. బతికి బయటపడేవాళ్లలో అత్యధికుల్ని తీసేది ఇరుగుపొరుగువాళ్లే, మొదటి కొన్ని గంటల్లోనే. 2010 హైతీ భూకంపంలో అన్ని విదేశీ దళాలూ కలిసి ప్రాణాలతో తీసింది సుమారు 130 మందిని. మూడో రోజు తర్వాత బయల్దేరే దళం ఎక్కువగా ఫొటోల కోసం వెళ్లినట్టే. అప్పటికి బాధితులకు కావలసింది ఆస్పత్రి, నీళ్లు.

ఇచ్చిపుచ్చుకోవడం కూడా లెక్కలో వేయండి. 1999 ఆగస్టు 17న టర్కీలో భూకంపం వస్తే గ్రీసు దళం వెళ్లింది. మూడు వారాలకే, సెప్టెంబర్ 7న, ఏథెన్స్‌లో వస్తే టర్కీ వాళ్లు వచ్చారు. ఆ రెండు దేశాల మధ్య అప్పటికి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఎదురుప్రశ్న:
ఇద్దరూ బాగానే చెప్పారు కానీ సందేహి గారి సామెతను పక్కకు నెట్టేశారు. ‘తనకు మాలిన’ అంటే తనకు లేకుండా చేసుకున్నది అని. ఆ మాటే కొలమానం. పంపే వస్తువు ఇంట్లో ఈ వారం కొరతగా ఉన్న వస్తువే అయితే సామెత అక్షరాలా వర్తిస్తుంది.

ఉదాహరణ కోవిడ్ టీకాలు. భారత్ 2021 జనవరి నుంచి 6 కోట్లకు పైగా డోసులు బయటికి పంపింది. (అందులో ఉచితంగా ఇచ్చింది ఆరో వంతే. మిగతావి అమ్మకాలు, పేద దేశాలకు టీకాలు చేర్చే అంతర్జాతీయ పథకం ‘కోవాక్స్’ ఒప్పందాలు. ఈ తేడా గొడవలో ఎవరూ పట్టించుకోలేదు.) రెండో ఉద్ధృతి రాగానే ఎగుమతులు ఆగిపోయాయి. ఇక్కడ ఇంటి అవసరం, బయటి అవసరం ఒకే సీసా కోసం. అటు మొదటి డోసు వేసుకుని రెండో డోసుకు ఎదురుచూస్తున్న దేశాలు మధ్యలో చిక్కుకున్నాయి. తప్పు పంపడంలో కాదు, ఇంటికి ఎంత ఉంచాలన్న గీత ముందే గీసుకోకపోవడంలో.

గీత తెలిసిన దేశం ఎలా ఉంటుందంటే మెక్సికోను చూడండి. 2017 ఆగస్టులో టెక్సస్‌ను హార్వీ తుపాను ముంచితే సాయం చేస్తామంది. సెప్టెంబర్ 7న తనకే 8.2 భూకంపం, వెంటనే మరో తుపాను. 11న ఆ మాట బహిరంగంగా వెనక్కి తీసుకుంది, ఎవరూ తప్పుపట్టలేదు. 19న ఇంకో భూకంపం వస్తే అమెరికా, జపాన్, ఇజ్రాయెల్ దళాలు మెక్సికోకే వచ్చాయి.

గోదాం:
మీరంతా ‘పంపాలా వద్దా’ దగ్గరే ఉన్నారు. నిజంగా డబ్బు మట్టిలో కలిసేది ‘ఏం పంపాం’ అన్నచోట.

నీళ్ల లెక్క తీసుకుందాం. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, ఇది సహాయ సంస్థలు పాటించే ‘స్ఫియర్’ ప్రమాణం. 15,000 మందికి 2,25,000 లీటర్లు, అంటే 225 టన్నులు. సి-17 లాంటి భారీ విమానం మోసేది 77 టన్నుల దాకా. సీసాల్లో పంపితే రోజుకు మూడు విమానాలు కావాలి, మర్నాడు మళ్లీ మూడు. రెడ్‌క్రాస్ వాళ్ల ‘ఎం15’ యూనిట్ అచ్చంగా ఇన్ని లీటర్లే అక్కడి చెరువు నీళ్లతోనే రోజూ శుద్ధి చేస్తుంది. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు ఉండేలా చూసుకోవాలి. తగ్గితే విరేచనాలు, పెరిగితే వాసనకు జనం మళ్లీ మురికి నీళ్లకే పోతారు.

మందులు ఇంకా ఘోరం. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేకు సుమారు 4,000 టన్నుల మందులు చేరాయి. చాలావాటి మీద స్థానికులకు తెలియని భాషలో చీటీలు. వాటిని తగలబెట్టే ఖర్చు కూడా సాయం అందుకున్నవాళ్ల మీదే పడుతుంది. చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ 1996లోనే చెప్పింది.

అందుకునేవాళ్లు గొప్ప దేశమైనా ఇదే తంతు. 2005లో కత్రినా తుపానుకు బ్రిటన్ పంపిన ఆహార పొట్లాలు బ్రిటన్ గొడ్డుమాంసం దిగుమతిపై ఉన్న నిషేధం దగ్గర ఆగి అమెరికా గోదాములో మూలిగాయి. అక్కడి బజారు పనిచేస్తుంటే నగదు ఇవ్వండి. బజారే కూలిపోతే అడిగిన జాబితా ప్రకారం పంపండి, పెట్టె మీద బరువు, లోపలున్నది, గడువు రాసి. పాత బట్టలు మాత్రం వద్దు. మూటలు విప్పి ఏరడానికి మనుషులే దొరకరు.

సందేహి:
నా ప్రశ్న కొంచెం మారింది. వస్తువు వేరు, పద్దు వేరు అన్నది ఒప్పుకుంటాను. కానీ సొంత వరద బాధితుడికి పరిహారం రాక ఆరు నెలలైంది. అతనికి ఈ పద్దుల తేడా చెబితే వింటాడా?

ఎదురుప్రశ్న:
వినడు, వినక్కర్లేదు కూడా. అతని డబ్బు బయటికి పోలేదు, నిజమే. నష్టం అంచనా రాసే సిబ్బంది చాలక, బ్యాంకు ఖాతా పేరు ఆధార పత్రంతో కలవక ఎక్కడో ఫైలులో ఆగింది. కానీ విమానం 24 గంటల్లో లేస్తే, ఆ ఫైలు ఆరు నెలలు ఎందుకు కదల్లేదని అడిగే హక్కు అతనికుంది. విమానాన్ని ఆపితే మాత్రం ఆ ఫైలు కదలదు.

ఖాతాపుస్తకం:
దీనికి చేయదగ్గ పని ఒకటుంది. సాయం ప్రకటించిన రోజే మూడు అంకెలు బయటపెట్టాలి: ఏ పద్దులోంచి ఎంత తీశారు, అందులో ఇంటి కోసం ఎంత మిగిలింది, సొంత బాధితుల అర్జీలు ఎన్ని పెండింగులో ఉన్నాయి. మూడోది రాయడానికే ఏ ప్రభుత్వానికీ చెయ్యి రాదు.

కాంక్రీటుకోత:
నాలుగోదీ చేర్చండి: ఇంట్లో ఎన్ని దళాలు మిగిలాయి, అవి ఎంతసేపట్లో కదలగలవు. రెండు దళాలే ఉన్న దేశం రెండింటినీ ఒకేసారి పంపకూడదు. తిరిగొచ్చిన దళాన్ని మర్నాడే పిలుపు జాబితాలో చూపించకూడదు కూడా. పరికరాలు కడిగి, విరిగినవి మార్చి, మనుషులు నిద్రపోయి తేరుకోవడానికి వారం పైనే పడుతుంది. కాగితం మీద సిద్ధమని రాసి, తీరా చూస్తే జనరేటర్ ఇంకా ఓడరేవులోనే ఉంటుంది.