డాబా మీద పడే ఎండ వేడినీళ్లకా, కరెంటుకా?

బ్రాడీపేట వాసి, గుంటూరు:
మా డాబా మీద నీళ్ల ట్యాంకు, మెట్ల గది, బట్టలు ఆరేసే తీగలు పోగా దక్షిణం వైపు సుమారు 200 చదరపు అడుగుల చోటు మిగులుతోంది. ఇంట్లో ఆరుగురం ఉంటాం. అమ్మానాన్నలు పెద్దవారు కనుక చలికాలంలో వేడినీళ్లు తప్పనిసరి. 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టించమని ఒకరు అంటున్నారు. పీఎం సూర్యఘర్ పథకం కింద 60,000 రూపాయల రాయితీ వస్తుంది కాబట్టి 2 కిలోవాట్ల సోలార్ కరెంటు ప్యానెళ్లు పెట్టించి, స్నానానికి గీజరు వాడుకోమని మరొకరు అంటున్నారు. రెండింటికీ చోటు చాలదు. మావి బోరు నీళ్లు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఏది మేలో కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

పటమట నివాసి, విజయవాడ:
సందేహం లేకుండా ప్యానెళ్లే పెట్టించండి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. అక్కడ ఏడాదిలో చాలా నెలలు తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కాబట్టి ఇంటింటి మీదా సోలార్ హీటర్ కనిపించడం సహజం. మనకు ఆ అవసరం కార్తీకంలో మొదలై శివరాత్రితో తీరిపోతుంది. మే నెల మధ్యాహ్నం ట్యాంకులోని మామూలు నీళ్లే చెయ్యి పెట్టలేనంత కాగే ఊళ్లలో, ఏడాదిలో ఎనిమిది నెలలు పనిలేని పరికరానికి డాబా అప్పగించడం నాకు న్యాయంగా తోచదు. 20 లీటర్ల బకెట్టు నీళ్లను 24 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 0.37 యూనిట్లు చాలు. ఆరుగురికి కలిపి రోజుకు రెండుంపావు యూనిట్లు. 2 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు ఇంచుమించు 8 యూనిట్లు ఇస్తాయి. స్నానాలు పోగా మిగిలింది ఇంటికే, వేసవిలో ఏసీకి మరీ ఉపయోగం.

విశ్రాంత ఇంజనీరు, సత్యనారాయణపురం, విజయవాడ:
పటమట వారి కూడికలు సరైనవే గానీ వాటిలో గడియారం లేదు. ప్యానెళ్లు కరెంటు ఇచ్చేది పట్టపగలు, మనం గీజరు వేసేది ఉదయం ఆరింటికి. నెట్ మీటరింగ్ వల్ల, అంటే పగలు మనం లైనులోకి పంపిన కరెంటును వాడుకున్న దానిలోంచి తీసివేసే పద్ధతి వల్ల, బిల్లులో రెండూ చెల్లుకు చెల్లు కావచ్చు, కానీ ఆ వేళకు గీజరులోకి వచ్చే కరెంటులో పెద్ద భాగం ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు కాల్చగా వచ్చినదే. బొగ్గు వేడిలో దాదాపు మూడో వంతు మాత్రమే కరెంటుగా మారుతుంది. అలా నష్టపోయి తయారైన కరెంటును మళ్లీ వేడిగా మార్చి బకెట్టు నింపుకుంటున్నాం. ముందు రోజు మధ్యాహ్నపు ఎండను తెల్లవారే దాకా నీళ్లలోనే దాచి ఉంచడం సోలార్ హీటర్ చేసే అసలు పని. ఎండలో ప్యానెల్ పట్టుకునేది ఐదో వంతుకు అటూ ఇటూ అయితే, నీళ్లు కాచే పలక సగం వరకూ పట్టుకోగలదు.

అయితే బ్రాడీపేట వారికి 200 లీటర్ల హీటర్ సూచించినవారు అవసరాన్ని ఎక్కువగా చూపారు. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలుంటే, 24 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40 డిగ్రీలకు తెచ్చుకోవడానికి 120 లీటర్ల స్నానపు నీళ్లలో వేడివి 53 లీటర్లే పడతాయి. పై నుంచి స్నానాల గదికి వచ్చే గొట్టంలో నిలిచిన చల్లటి నీళ్లు పోయినా, మబ్బు రోజున వేడి కొంత తగ్గినా, 100 లీటర్ల హీటర్ సరిపోతుంది. దాని పలక సుమారు 2 చదరపు మీటర్లు, అంటే స్టాండుతో కలిపినా మీ చోటులో కొద్ది భాగం. మిగిలిన దానిలో 1 కిలోవాట్ ప్యానెళ్లు పడతాయి, రాయితీ 30,000 వస్తుంది. రెండింటిలో ఒకటే అనుకోవలసిన పని లేదు.

విద్యానగర్ గృహిణి, గుంటూరు:
బోరు నీళ్ల మాట ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు, నా ఉద్దేశంలో హీటర్ ఎన్నేళ్లు మన్నుతుందో తేల్చేది అదే. సున్నం ఎక్కువున్న నీళ్లు 60 డిగ్రీలు దాటితే ఆ సున్నం గట్టిపడి లోపల పేరుకుంటుంది. రాగి పలక రకంలో గొట్టాలు సన్నవి కనుక త్వరగా పూడుకుపోతాయి. వేడినీళ్లు తేలికై పైకి, చన్నీళ్లు కిందికి వాటంతట అవే తిరగడం మీదే ఈ ఏర్పాటంతా ఆధారపడింది కాబట్టి, గొట్టం పూడితే ఎండ ఎంత కాసినా ట్యాంకు చల్లగానే ఉంటుంది. గాజు గొట్టాల రకంలో దారి వెడల్పు, సున్నం అడుగున చేరినా విప్పి కడుక్కోవచ్చు. కానీ నీళ్లు లేని గాజు గొట్టాలు మిట్టమధ్యాహ్నం కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు వదిలితే పగులుతాయి, అందుకని నింపడం తెల్లవారుజామునే చేయాలి. కృష్ణా నీళ్ల కొళాయి ఉన్నవారు హీటరుకు ఆ నీళ్లే కలుపుకోవడం మంచిది. వేసవిలో పలక మీద మందపాటి గుడ్డ కప్పి ఉంచితే పెద్దవాళ్లు, పిల్లలు పొరపాటున కొళాయి తిప్పి చేతులు కాల్చుకునే ప్రమాదం కూడా తగ్గుతుంది.

పటమట నివాసి, విజయవాడ:
100 లీటర్ల లెక్కను ఒప్పుకుంటున్నాను. అయినా కడగడం, గుడ్డ కప్పడం, గొట్టాలు మార్చడం ఏళ్ల తరబడి చేసే ఓపిక అన్ని ఇళ్లలో ఉండదని, గీజరుకు ఆ బాధ చాలా తక్కువని అనుకుంటున్నాను. మబ్బు రోజుల కోసం హీటరు ట్యాంకులో పెట్టే కరెంటు కాయిల్‌ను రోజూ రాత్రి వేసి ఉంచేవారికి మర్నాటి ఎండ చేయడానికి పనే మిగలదు కదా.

విశ్రాంత ఇంజనీరు, సత్యనారాయణపురం, విజయవాడ:
నిజమే, ఆ కాయిల్ స్విచ్ తుపాను రోజుల్లో తప్ప వేయకూడదు. బ్రాడీపేట వారు డబ్బు కట్టే ముందు చూసుకోవలసినది మరొకటుంది. డిసెంబరు చివర మన ఊళ్లలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు మీ డాబా కంటే 10 మీటర్లు ఎత్తైన భవనం ఉంటే దాని నీడ ఎనిమిది మీటర్లకు పైగా పడుతుంది, అదీ సరిగ్గా వేడినీళ్లు కావలసిన నెలల్లో. ఉదయం తొమ్మిది నుంచి మూడింటి దాకా ఆ చోటు నీడలోనే ఉండేటట్లయితే హీటర్ ఆలోచన మానుకోండి. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు గనుక ప్యానెళ్లకు ఆ నెలల్లోనైనా ఫలం దక్కుతుంది; అప్పుడు పటమట వారి మాటే మీకు సరైనది.