ఈ వారం సమస్య: “ఒకటి నొకటి గలుప నొకటె యగును”

దొమ్లూరు మాస్టారు:
అందరికీ నమస్కారం. ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నా, పై మూడు పాదాలూ మీరు పూరించాలి, సందర్భం కూడా నేనే కడుతున్నా. మన వీధి చివర రెస్టారెంటు, రాత్రి పది దాటాక హ్యాపీ అవర్స్. మామూలుగా హ్యాపీ అవర్స్ సాయంత్రమే ఉంటాయి, జనం లేని టైములో టేబుళ్లు నింపడానికి పెట్టిన ఏర్పాటు అది, కానీ మన బెంగళూరులో డిన్నర్ రష్ తగ్గాక మళ్ళీ పెట్టే చోట్లు ఉన్నాయి, పొయ్యి ఎలాగూ వెలుగుతుంటుంది, ఒంటిగంట దాకా పర్మిషన్ ఉంటుంది, సగం ధరకైనా నాలుగు టేబుళ్లు నిండితే వాళ్ళకి మేలే కదా. పాదంలో ఐదు గణాలూ నగణాలే, అంటే మూడేసి లఘువులవి; యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు, ‘ఒ’కీ ‘నొ’లోని ‘ఒ’కీ. మూడో పాదం చివర ఏం పడిందో దాన్ని బట్టి సంధిలో ‘నొకటి’ అయినా ‘యొకటి’ అయినా చెల్లుతుంది. తిండి కనబడాలి, టేబుల్ కనబడాలి, అదొక్కటే నా షరతు.

బెళ్లందూరు బాబు:
ముందు నాదే వేసేస్తున్నా మాస్టారూ, సమస్య చూడగానే వన్ ప్లస్ వన్ బోర్డు గుర్తొచ్చింది.

పదియు దాటె రాత్రి పక్కవీధి కడను
బీరు నొకటి యడుగఁ బేర్మి తోడ
రెండు తెచ్చి పెట్టి రేటు నొకటె వేసె
నొకటి నొకటి గలుప నొకటె యగును

సీమ మిర్చి:
తమ్ముడూ, విరుపు సూటిగా ఉంది, బాగుంది. రెండూ ఒకేసారి తెచ్చి పెట్టేయడం మాత్రం అచ్చంగా జరిగేదే, ఒకటి తాగేలోపు రెండోదాని నురగ దిగిపోయి గ్లాసు చుట్టూ చెమట పట్టి టేబుల్ మీద రింగు పడి ఉంటుంది, ఆ రింగు పద్యంలోకి వస్తే ఇంకా బాగుండేది. కానీ తెచ్చిందెవరు? కర్త లేడు. ‘పేర్మి తోడ’ గణం నింపడానికే వచ్చినట్టుంది.

దొమ్లూరు మాస్టారు:
అక్క చెప్పింది కరెక్టు. రెండో పాదం ఇలా చూడు బాబూ: “బీరు నొకటి యడుగ వెయిటరతడు”. ‘పేర్మి తోడ’ చోట రెండు నగణాలు, కర్త వచ్చాడు, మనిషి వచ్చాడు. ‘బ’కీ ‘వ’కీ యతి చెల్లుతుంది, సందేహం వద్దు.

కోడ్ కవి:
మాస్టారూ నాకు ఇంకో దారి తట్టింది, కంప్యూటర్ల బూలియన్ లెక్కలో, అంటే ఒకటీ సున్నా మాత్రమే ఉండే లెక్కలో, ‘ఆర్’ వేస్తే ఒకటీ ఒకటీ కలిపి ఒకటే వస్తుంది, మేం రోజూ రాసేదే, ఇక్కడ సగం మందికి వివరించక్కర్లేదు కూడా. దాని మీద రాయొచ్చా?

దొమ్లూరు మాస్టారు:
రాయొచ్చు నాయనా, లెక్క నిక్కచ్చిగా కుదురుతుంది. అవధానంలో పృచ్ఛకుడు సందర్భం చెప్పకుండా సమస్య ఇస్తే ఆ పూరణ చప్పట్లు కొట్టిస్తుంది కూడా. కానీ ఇక్కడ సందర్భం ఇచ్చాను. ఆ లెక్క ఏ టేబుల్ దగ్గరైనా ఒకటే, రాత్రి పదింటికి మన వీధి చివరి టేబుల్ దగ్గరే ఎందుకు కుదిరిందో చెప్పగలిగితే పద్యం పంపు.

సీమ మిర్చి:
నాది ఇదిగో. నేనూ మా ఆయనా సెకండ్ షిఫ్ట్ అయ్యాక వెళ్ళే చోటు.

చిల్లి కోడి నాది చేప వేపుడతని
దనుచుఁ బెట్టినపుడు తనివి తీర
మధ్యనున్న పళ్ళెమందు వచ్చి పడిన
నొకటి నొకటి గలుప నొకటె యగును

ఇక్కడ చిల్లీ చికెన్ అంటే ఎర్రటి సాసుది కాదండీ, మన ఆంధ్రా మెస్సుల్లో చేసే పచ్చది, పచ్చిమిర్చి నూరి పట్టించి కరివేపాకుతో వేయించేది, దాని పచ్చటి నూనె చేపముక్క అంచుకి అంటుకుంటుంది చూడండి, అప్పుడిక ఏది ఎవరిదో ఎవరికి కావాలి.

బెళ్లందూరు బాబు:
అక్కా, ఈ పచ్చటి నూనె సంగతి పద్యంలో ఉండాల్సింది, కింద రాశారు!

దొమ్లూరు మాస్టారు:
నిజమే అమ్మా, కానీ పద్యం కూడా గట్టిగానే నిలబడింది. ‘దనుచుఁ’ – ‘తనివి’ యతి హాయిగా ఉంది, ‘వేపుడతని’ దగ్గర పాదం తెగినా మాట తెగకుండా కింది పాదంలోకి జారింది. నాకు నచ్చింది ఏంటంటే ధర మాటే ఎత్తలేదు, హ్యాపీ అవర్స్‌లో జనం నిజంగా వెళ్ళేది ఇందుకే, మామూలు రేటుకి ఒక ప్లేటుతో సరిపెట్టుకునేవాళ్ళు రెండు రకాలు చెప్పి మధ్యలో పెట్టుకుంటారు.

ఆటో రాజా:
గురువుగారూ, మొదటిసారి రాస్తున్నా.

తాగి బండి తోల కూడదనుచు మిత్రు
లిద్దరమును గూడి యింటి దారి
నాటొ నొకటి పిలిచి హాయిగాఁ గూర్చున్న
నొకటి నొకటి గలుప నొకటె యగును

సీమ మిర్చి:
భావం చాలా బాగుంది తమ్ముడూ, మెట్రో పదకొండు దాటితే దాదాపు అయిపోయినట్టే, ఆటోనే గతి. మొదటి పాదంలో యతి తప్పింది, ‘తా’కి ‘కూ’ కుదరదు.

దొమ్లూరు మాస్టారు:
“తాగి బండి తోలఁ దగదటంచును మిత్రు” అంటే ‘తా’కి ‘ద’ సరిపోతుంది, గణాలు చెదరవు. రెండో పాదంలో ‘లి’కి ‘యిం’ చెల్లుతుందా అని ఎవరైనా అడుగుతారేమో, మిత్రులు ప్లస్ ఇద్దరము సంధిలో ఇకారం ఉంది, చెల్లుతుంది. మొదటిసారి రాసినవాడికి మూడో పాదంలో ‘ఆ’కి ‘హా’ వేయాలని తట్టిందంటే చెవి మంచిది. ఇక విషయానికొస్తే, బండి తోలేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల ఫైను, జైలు కూడా పడొచ్చు. రెండోది ఫ్రీగా వచ్చిన రాత్రి ఈ పద్యం అందరికీ గుర్తుండాలి, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఆటో రాజా:
సవరించిన పాదమే నా ఫైల్లో పెట్టుకున్నా గురువుగారూ, థాంక్యూ.

నిమ్మసోడా:
నేను తాగనండీ, కానీ ఆ టైముకి ఫ్రెండ్స్‌తో వెళ్తా, తినడానికి. కాబట్టి నా గ్లాసు మీద రాశా.

ఉప్పు తీపి రెండు నుండు నిమ్మరసము
సోడ పోసి యివ్వఁ జోద్యమేమి
నాల్క మీదఁ జేరి నడుమ హద్దు చెరిగి
యొకటి నొకటి గలుప నొకటె యగును

బెళ్లందూరు బాబు:
అబ్బా! స్వీటా సాల్టా అని వెయిటర్ అడిగితే రెండూ అంటాం కదా, రోజూ అనే మాట, ఎవరికీ తట్టలేదు.

కోడ్ కవి:
ఇది చదివాక నా బూలియన్ పద్యం పంపబుద్ధి కావట్లేదు, ఇదే నిజంగా కలిసిపోవడం.

సీమ మిర్చి:
‘సోడ’కి ‘జోద్య’ యతి ముచ్చటగా ఉంది. ‘చోద్యమేమి’ మాత్రం కొంచెం పాత పద్యాల వాసన.

దొమ్లూరు మాస్టారు:
ఉండనీ అమ్మా, అక్కడ ఆ ప్రశ్న ఉండబట్టే మూడో పాదం జవాబుగా నిలిచింది. బాబు పూరణలో ఒకటి అయింది రేటు, గ్లాసులు రెండే. ఆటోలో ఒకటి అయింది బండి, మనుషులు ఇద్దరే. ఇక్కడ ఉప్పూ తీపీ నిజంగానే ఒక రుచి అయ్యాయి, ‘హద్దు చెరిగి’ అన్న మాటతో సమస్యలోని చిక్కు విడిపోయింది. ఈ వారానికి నా ఓటు దీనికే, దాని వెనకే అక్క పళ్ళెం.

గడువు ఆదివారం రాత్రి వరకు ఉంది, ఇంకా రాయండి. వేరుశనగ బద్దల్లో కారం, ఇంగువ, కరివేపాకు పట్టించిన కాంగ్రెస్ కడ్లెకాయి బెంగళూరులో ఇంత పేరున్నదై ఉండి కూడా ఇప్పటిదాకా ఎవరి పద్యంలోకీ రాలేదు. ఒక గింజ రెండు బద్దలు, పూరణ అందులోనే ఉంది, ఎవరైనా పట్టుకోండి.